విరిగిన షాఫ్ట్ తెచ్చారు, రేటెంత చెప్పాలి?

పత్తి సీజన్ మొదలైందంటే వరంగల్ ములుగు రోడ్డు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే మిషన్) దుకాణాల షట్టర్లు పొద్దున ఏడింటికే లేస్తాయి. ఎక్కడో జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజ వేరుచేసేది) ఆగి ఉంటుంది, ఎనుమాముల మార్కెట్ నుంచి వచ్చిన పత్తి బండ్లు గేటు బయట నిలబడి ఉంటాయి, మిల్లాయన రెండు ముక్కలైన షాఫ్ట్‌ను (మిషన్‌లో తిరిగే ఇరుసు కడ్డీని) గోనెసంచిలో చుట్టుకుని బండి మీద వచ్చి, స్టాండు కూడా వేయకుండానే "అన్నా, సాయంత్రానికి కావాలె, ఎంతైతది?" అంటాడు. లేత్ తిప్పడం నాకు రెండేళ్ళలో వచ్చింది గానీ ఈ ప్రశ్నకి నష్టపోకుండా జవాబు చెప్పడం రావడానికి ఆరేళ్ళు పట్టింది. ఐటీఐలోనో డిప్లొమాలోనో మిషన్ ఎలా తిప్పాలో నేర్పుతారు, పైసలెలా మిగలాలో మాత్రం మన జేబు చిల్లుపడ్డాకే తెలుస్తుంది. మీరు కొత్తగా దుకాణం పెట్టే ఆలోచనలో ఉన్నా, ఎవరి దగ్గరో పనికి కుదిరి ఉన్నా, ఒకే ఒక షాఫ్ట్‌ను పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్దాం.

మన షాఫ్ట్ ఇదీ. మొత్తం పొడవు 400 మిల్లీమీటర్లు. మధ్యలో 300 పొడవున 36 డయా (వ్యాసం). రెండు పక్కలా 20 పొడవున 30 డయా, అక్కడ 6206 నంబరు బేరింగులు (షాఫ్ట్ ఒరుసుకోకుండా తిరగనిచ్చే రింగులు) కూర్చుంటాయి. కుడి చివర ఇంకో 60 పొడవున 25 డయా, దాని మీద పుల్లీ, పుల్లీకి కీవే (పుల్లీ జారకుండా చీల పెట్టే గాడి).

ముందు ముక్కను చూడండి, రేటు తర్వాత

వచ్చినాయన ఎంత తొందరపెట్టినా ముందు విరిగిన చోటును గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టి చూడండి. సగం భాగం నున్నగా, ఆల్చిప్ప మీద గీతల్లాగా వంపు వంపు గీతలతో, మిగతా సగం గరుకుగా బెల్లం ముక్క విరిచినట్టు కనిపించిందనుకోండి, అది ఈ రోజు విరిగింది కాదు. ఎన్నాళ్ళ కిందటో చిన్న పగులు మొదలై, తిరిగిన ప్రతిసారీ కాస్త కాస్త లోపలికి పాకి, మిగిలిన ముక్క లోడు మోయలేని రోజు టప్పుమంది. దీన్నే ఫెటీగ్ అంటారు. ఇలాంటి పగులు చాలాసార్లు డయా మారే మెట్టు దగ్గర, పదునుగా కోసిన మూలలోనే మొదలవుతుంది. పాత ముక్క కొలతలు తీసుకుని అచ్చం అలాగే పదును మూలతో కొత్తది చేసిచ్చారంటే వచ్చే సీజన్‌కి మళ్ళీ అదే సంచి, అదే ముక్క, ఈసారి తిట్లు అదనం. ఆ మూలలో చిన్న రేడియస్ (గుండ్రటి వంపు) వదలాలి. 6206 బేరింగ్ లోపలి అంచుకు ఉండే వంపు కనీసం 1 మిల్లీమీటరు కాబట్టి మన రేడియస్ అంతకంటే తక్కువ, 0.8 దాకా పెట్టుకుంటే బేరింగ్ మెట్టుకి ఆనుకుని నిండుగా కూర్చుంటుంది.

తర్వాత నాలుగు ప్రశ్నలు అడగండి. ఎంత స్పీడులో తిరుగుతుంది, బెల్టు ఎటు లాగుతుంది, బేరింగ్ కొత్తది వేస్తున్నారా పాతదేనా, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి. చివరి ప్రశ్న ఎందుకో కింద లెక్కలో తెలుస్తుంది.

కోయాలా, పోయాలా, కొట్టాలా, అతకాలా

ఏ వస్తువునైనా తయారుచేసే దారులు మోటుగా నాలుగే. కరిగించి అచ్చులో పోయడం, వేడి చేసి కొట్టి ఆకారం తేవడం, ముక్కలు అతకడం, ఎక్కువున్నది కోసి తీసేయడం. నాగలి కర్రును కమ్మరి కొలిమిలో పెట్టి సాగగొడతాడు. అలా కొడితే లోహం లోపలి పొరలు ఆకారం వెంబడే వంగుతాయి కాబట్టి దెబ్బకి బాగా నిలబడుతుంది. పుల్లీలు, పంపు బాడీల్లాంటి మెలికల ఆకారాలకి పోత మంచిది, కానీ చెక్క ప్యాటర్న్ చేయించాలి, ఒక్క పీసు కోసం ప్యాటర్న్ అంటే దండగ. పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో నగిషీ కొట్టేవాళ్ళని చూడండి, అక్కడ లోహం ఇంచుమించు ఏమీ వృథా పోదు, పోయేదల్లా మనిషి టైమే. మన లేత్‌ది దానికి పూర్తిగా తలకిందులు. కొన్న లోహంలో మూడో వంతు వరకూ చిప్స్ (లోహపు తరుగు) చేసి కింద పోస్తాం, కానీ కొలత మాత్రం వెంట్రుక మందంలో ఐదో వంతుకో ఆరో వంతుకో పట్టుకొస్తాం. బేరింగ్ కూర్చునే చోట అంత కొలత కావాలి గనక మనకి లేత్ తప్పదు.

విరిగింది కాకుండా బేరింగ్ సీటు అరిగిపోయిన షాఫ్ట్ వస్తే అతకడం గురించి ఆలోచించొచ్చు, అంటే వెల్డింగ్‌తో నింపి మళ్ళీ టర్నింగ్ (లేత్ మీద తిప్పుతూ కోయడం) చేయడం. కానీ ఈఎన్8 లాంటి స్టీలులో కార్బన్ 0.4 శాతం దరిదాపుల్లో ఉంటుంది, చల్లటి షాఫ్ట్ మీద నేరుగా వెల్డింగ్ పెడితే పక్కన గట్టిపడి పగుళ్ళొస్తాయి. ముందు వేడి చేయాలి, అయ్యాక సున్నంలోనో బూడిదలోనో కప్పి మెల్లగా చల్లారనివ్వాలి. అంత ఓపిక లేకపోతే కొత్తదే చేయండి.

లోహం కొనేటప్పుడు

ఇలాంటి షాఫ్ట్‌కి ఈఎన్8 సరిపోతుంది. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీలు) చవక, కోయడానికీ మెత్తన, కానీ కీవే దగ్గర నలిగిపోతుంది. 36 ఫినిష్ కావాలి గనక 40 డయా నల్ల బారు తీసుకోండి, రెండు చివర్లా ఫేసింగ్ (చివరలు కోసి చదును చేయడం) కోసం పొడవు 410 కోయించండి.

బరువు లెక్క ఇనుము కొట్టుల్లో అందరికీ నోటికొచ్చిందే. డయాను డయాతో గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 40 ఇంటూ 40 అంటే 1600, భాగించు 162, మీటరుకి సుమారు 9.88 కిలోలు. మనకి కావాల్సిన 410 మిల్లీమీటర్లకి 4.05 కిలోలు. పూర్తయిన షాఫ్ట్‌ను ఇదే సూత్రంతో ముక్క ముక్కగా లెక్కేస్తే 2.85 కిలోలు వస్తుంది. అంటే కిలో 200 గ్రాములు మన కాళ్ళ కింద రజనుగా పడబోతోంది, దాని ఖరీదు కూడా గిరాకీయే కట్టాలి.

స్పీడు ఎంత పెట్టాలి

చక్ (ముక్కను బిగించి తిప్పే భాగం) నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది టూల్‌కి అక్కర్లేదు. తన మొన ముందు నుంచి నిమిషానికి ఎన్ని మీటర్ల లోహం జారిపోతోందన్నదే దానికి కావాలి. చుట్లు కావాలంటే ఆ మీటర్లను 318తో గుణించి డయాతో భాగించండి. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) బిట్‌తో ఇలాంటి స్టీలుకి నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే 40 డయా దగ్గర దాదాపు 200 చుట్లు. కార్బైడ్ టిప్ (అంతకంటే గట్టి టూల్ మొన) అయితే 80 మీటర్లు కూడా పోవచ్చు, లెక్క ప్రకారం 636 చుట్లు వస్తుంది. కానీ మన పాత బెల్టు లేత్‌లో ఆ గేరు ఉండదు, పైగా అంత స్పీడులో వణుకుతుంది, అందుకని 500 పెట్టాననుకోండి, అప్పుడు 63 మీటర్ల దగ్గర నడుస్తుంది. చాలు.

ఇక్కడ ఒక పాత అమెరికా ఇంజనీర్‌ను తలుచుకోవాలి. ఫ్రెడరిక్ టేలర్ సుమారు 26 ఏళ్ళు లోహం కోస్తూ లెక్కలు రాసుకుని 1906లో బయటపెట్టాడు. ఆయన తేల్చిందేంటంటే, స్పీడు కొంచెం పెంచితే టూల్ ఆయుష్షు కొంచెం తగ్గి ఊరుకోదు, కుప్పకూలుతుంది. స్పీడు 20 శాతం పెంచితే కార్బైడ్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది, హెచ్ఎస్ఎస్‌ది పావుకి కూడా మిగలదు. అలాగని భయపడి నెమ్మదిగా తిప్పినా గంటల లెక్కన అద్దె, జీతం పోతూనే ఉంటాయి. ఈ రెండు నష్టాలూ కలిపి ఎక్కడ తక్కువో అక్కడ ఆగాలి. దానికి ఒక మోటు కొలత ఉంది. హెచ్ఎస్ఎస్ బిట్ విప్పి సాన పట్టి మళ్ళీ బిగించడానికి మీకు 10 నిమిషాలు పడుతుందంటే, దానికి ఏడు రెట్లు, అంటే 70 నిమిషాల కోతకి ఒకసారి సాన పట్టాల్సొచ్చే స్పీడు చవకైన స్పీడు. అరగంటకే మొద్దుబారుతోందంటే మీరు ఎక్కువ తిప్పుతున్నారు, పూటంతా పదును పోవట్లేదంటే బద్ధకంగా తిప్పుతున్నారు.

చిప్ రంగు కూడా చెబుతుంది. హెచ్ఎస్ఎస్‌తో కోస్తుంటే చిప్ తెల్లగానో లేత గడ్డి రంగులోనో రావాలి, నీలం తిరిగిందంటే బిట్ కాలిపోతున్నట్టే. కార్బైడ్‌తో నీలం వస్తే కంగారు పడొద్దు, వేడి చిప్‌తో పాటు బయటికి పోతోందని అర్థం.

పనిలోకి దిగడం

రెండు చివర్లా ఫేసింగ్, సెంటర్ డ్రిల్ (చివర నడిమధ్యలో చిన్న గుంత). తర్వాత ఒక పక్క చక్‌లో, ఇంకో పక్క టెయిల్‌స్టాక్ సెంటర్ (అవతలి చివర ఆనించే మొన) మీద పట్టుకోండి. టూల్ పోస్ట్‌లోంచి టూల్ ఎంత తక్కువ బయటికి ఉంటే అంత మంచిది. టూల్ మొన సెంటర్ ఎత్తులో ఉందో లేదో చూడడానికి మా ఉస్తాద్ నేర్పిన పద్ధతి చెప్తా. మిషన్ ఆపి, ఆరంగుళాల సన్న స్టీలు స్కేలును జాబ్‌కీ (కోస్తున్న ముక్కకీ) టూల్ మొనకీ మధ్య నిలువుగా పెట్టి, జారిపోకుండా ఆనేంత వరకే టూల్‌ను మెల్లగా ముందుకి తెండి. స్కేలు నిటారుగా నిలబడితే సరే. స్కేలు పై కొస మీ వైపు వాలితే టూల్ కిందికుంది, షిమ్ (సన్న రేకు) పెట్టి లేపండి. అవతలికి వాలితే పైకుంది. పది సెకన్ల పని.

మొదటి కోత భయపడుతూ సన్నగా తీయొద్దు. నల్ల బారు మీద ఉండే పొర గట్టిది, టూల్ మొన ఆ పొర లోపలే తిరిగితే రాపిడికి అరిగిపోతుంది. ఒకేసారి ఒకటిన్నర మిల్లీమీటరు లోతు దిగి 37కి తెచ్చేయండి. ఫీడ్, అంటే టూల్ పక్కకి జరిగే దూరం, చుట్టుకి 0.2 మిల్లీమీటర్లు పెడితే 500 చుట్లకి నిమిషానికి 100 మిల్లీమీటర్లు నడుస్తుంది, 400 పొడవుకి 4 నిమిషాలు. చివర్లు 30.5కీ 25.5కీ రఫ్ (ఫినిష్‌కి ముందు మోటు కోత) తీయడానికి రెండేసి కోతల చొప్పున మూడు నిమిషాల పైచిలుకు. ఫినిష్‌కి ఫీడ్ 0.1కి తగ్గించండి, మధ్య భాగానికి 6 నిమిషాలు, చివర్లకి 2. మొత్తం కలిపితే అసలు కోత 15 నిమిషాలు. ఈ 15 గుర్తుంచుకోండి.

చక్ తాళం చక్‌లోనే మర్చిపోయి స్విచ్ వేయడం, మెడలో తువ్వాల వేలాడదీసుకుని లేత్ మీదికి వంగడం, చేతికి గ్లౌజు తొడగడం, పొడుగు చిప్‌ను చేత్తో లాగడం. ఈ నాలుగూ చేయొద్దు. కొక్కెం చేసిపెట్టుకోండి, చిప్ దానితో లాగండి.

బేరింగ్ సీటు దగ్గర నేను తిన్న దెబ్బ

30 డయా మీద బేరింగ్ కాస్త బిగువుగా కూర్చోవాలంటే కొలత 30.002కీ 30.015కీ మధ్య రావాలి. మధ్యలో ఉన్న దూరం 13 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మైక్రోమీటర్‌లో ఒక గీత 10 మైక్రాన్లు, అంటే గీతంబావు.

ఒక మే నెలలో, రేకుల షెడ్డు కింద, గిరాకీ నెత్తి మీద నిలబడి ఉండగా ఇలాంటి సీటే ఫినిష్ చేశా. కూలెంట్ (కోతను చల్లబరిచే ద్రవం) డబ్బా ఖాళీ అయింది, నింపే ఓపిక లేక పొడిగానే లాగించా. మైక్రోమీటర్ పెడితే సరిగ్గా 30.01. సంతోషంగా తీసిచ్చా. రెండు గంటల తర్వాత ఫోను: బేరింగ్ సుత్తి తగలకుండానే లోపలికి జారుతోందట. మైక్రోమీటర్ తప్పు చూపలేదు, షాఫ్ట్ వేడిగా ఉంది, అంతే. స్టీలు ప్రతి డిగ్రీకి మీటరుకి సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది. చేత్తో పట్టుకుంటే చురుక్కుమనే షాఫ్ట్ షెడ్డు కంటే 40 డిగ్రీలు వేడిగా ఉందనుకుంటే, 30 మిల్లీమీటర్లకి 14 మైక్రాన్లు పెరిగి ఉంటుంది. చల్లారితే నా 30.01 కాస్తా 29.996 అయింది. పదమూడు మైక్రాన్ల ఇంట్లో పద్నాలుగు మైక్రాన్ల తప్పు. ఇంకో బారు ముక్క, ఇంకో గంట, కీవే మళ్ళీ, అన్నీ నా ఖర్చే.

కాబట్టి రఫ్ అయిపోగానే షాఫ్ట్‌ను నీళ్ళ కూలెంట్‌తో తడిపి ఆపేసి చాయ్ తాగి రండి. ఫినిష్ కోత ముందు జాబ్ మీద అరచెయ్యి పెట్టి పక్కనే ఉన్న వేరే ఇనప ముక్క మీద కూడా పెట్టండి, రెండూ ఒకేలా తగిలితేనే కొలవండి. టూల్‌ను లోపలికి నడిపే డయల్‌ను కూడా ఒకే దిక్కు నుంచి తిప్పుతూ రండి. ఎక్కువ తిప్పేసి వెనక్కి తెస్తే స్క్రూలో ఉండే లూజు మీ కొలతను తినేస్తుంది. డయల్ మీద 0.1 లోపలికి వెళ్తే డయా 0.2 తగ్గుతుందా, 0.1 తగ్గుతుందా అన్నది మీ మిషన్ మీద ఒకసారి పాత ముక్క తిప్పి చూసుకోండి, అన్ని మిషన్లూ ఒకటి కావు.

ఇప్పుడు రేటు

కోత 15 నిమిషాలే కదా, మరి షాఫ్ట్ మిషన్ మీద ఎంతసేపుంది? ఫేసింగ్, సెంటర్లు, తిప్పి పట్టడం, డయల్ గేజి పెట్టి తిన్నగా ఉందో లేదో చూడడం, టూల్ మార్చడం, చల్లారేదాకా ఆగడం, పదిసార్లు కొలవడం. గడియారం పెట్టుకుని చూడండి, గంట పడుతుంది. కొత్తవాళ్ళు ఎక్కువమంది ఇక్కడే మునుగుతారు: ఇనుము బరువు చూసి, కోత టైము చూసి రేటు చెప్పేస్తారు. మొదటి ఏడాది నేనూ అంతే.

మీ లేత్ గంట ఖరీదు ముందు తెలియాలి. కింది అంకెలు లెక్క చూపించడానికి నేను వేసుకున్నవి, మీవి మీరు పెట్టుకోండి. ఏడాదికి 300 రోజులు, రోజుకి 8 గంటలు అంటే 2400 గంటలు, కానీ నిజంగా జాబ్ ఎక్కి ఉండేది 1500 గంటలే అనుకుందాం. సెకండ్ హ్యాండ్ లేత్ 3 లక్షలు, పదేళ్ళు పనిచేస్తే గంటకి 20 రూపాయలు. ఆ డబ్బు మీద 12 శాతం వడ్డీ గంటకి 24. షెడ్డు అద్దె నెలకి 8 వేలయితే గంటకి 64. కరెంటు 15. టూళ్ళు, ఆయిలు, రిపేరు 35. మిషన్ మీద నిలబడే మనిషికి నెలకి 20 వేలు, ఆ మనిషి మీరే అయినా సరే రాయాల్సిందే, గంటకి 160. కూడితే 318. స్పీడు సూత్రంలోని 318 మళ్ళీ తగిలింది, కాకతాళీయమే గానీ గుర్తుండిపోతుంది.

ఈఎన్8 కిలో 80 అనుకుంటే లోహం 324. మిషన్ గంట 318. 25 డయాకి 8 మిల్లీమీటర్ల వెడల్పు, 4 లోతు కీవే పక్క దుకాణంలో మిల్లింగ్ మిషన్ మీద కొట్టిస్తే 150. మొత్తం 792. దీని మీద 20 శాతం, అందులో మీ లాభమూ ఉంది, అప్పుడప్పుడూ చెడిపోయే జాబ్ ఖర్చూ ఉంది. 950 చెప్పండి. "గంత పనికి గన్ని పైసలా?" అంటాడు, అనకుండా ఉండడు. ఎదురు వాదించకుండా షాఫ్ట్ విరిగిన చోట గీతలు చూపించి, మూలలో రేడియస్ పెడుతున్నానని చెప్పండి, చాలామంది అక్కడ మెత్తబడతారు. బేరంలో యాభై తగ్గించినా ఫర్వాలేదు. లోహం డబ్బులు మాత్రం ముందే తీసుకోండి, సీజన్ అయ్యాక ఇస్తానన్న డబ్బు చాలాసార్లు వచ్చే సీజన్‌కే కనిపిస్తుంది.

ఇలాంటివే ఇరవై కావాలంటే

అందుకే ఎన్ని ఉన్నాయని అడగమన్నా. ఒక్కటైతే మన లేత్‌కి మించింది లేదు. ఎక్కువైతే సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే లేత్) ఉన్నవాళ్ళ దగ్గరికి పంపి మధ్యలో నాలుగు రూపాయలు మిగుల్చుకోవడం తెలివైన పని. సీఎన్‌సీ గంటకి 700 అనుకుందాం, ప్రోగ్రామ్ రాసి సెట్టింగ్ చేయడానికి 3 గంటలు, అంటే ఒక్క షాఫ్ట్ కూడా రాకముందే 2100 ఖర్చు. ఆ తర్వాత ఒక్కోటి 10 నిమిషాల్లో దిగుతుంది, దాని ఖర్చు 117. మన లేత్ మీద ఒక్కోటి 318. తేడా 201, 2100ని 201తో భాగిస్తే పదిన్నర. అంటే పది షాఫ్టుల వరకూ మన లేత్ చవక, పదకొండో షాఫ్ట్ నుంచి సీఎన్‌సీ చవక. ఇరవైకి వేసి చూడండి, మనది 6360, అక్కడ 4440కి అటూఇటూ. మిషన్ మీద మమకారంతో ఇరవయ్యీ మనమే తిప్పుతామంటే పోయేది దాదాపు రెండు వేలు, పైగా ఆ ఇరవై గంటల్లో వచ్చే రిపేరు జాబులు పక్క దుకాణానికి పోతాయి.

ఇక సాయంత్రం ఊడ్చేటప్పుడు స్టీలు రజను, బీడు (పోత ఇనుము) రజను, ఇత్తడి రజను వేరు వేరు డబ్బాల్లో పోయండి. ఇత్తడి కిలో ధర ఇనుముకి ఎన్నో రెట్లు, కానీ గుప్పెడు ఇనుము కలిసిందా, స్క్రాప్ వాడు అయస్కాంతం పెట్టి చూసి డబ్బా మొత్తానికీ ధర కోసేస్తాడు.